పొగ ఎక్కడిదో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలం వస్తే చాలు హైదరాబాద్ గాలి మీద వార్తలు మొదలవుతాయి, తప్పంతా బండ్లదే అన్నట్టు. సరిగా మండనప్పుడు పుట్టే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ సంగతి అంత తేలిగ్గా తేలదండీ. అది గాలిలో ఒకటి రెండు నెలలు ఉండగలదు, కాబట్టి వందల కిలోమీటర్ల అవతల తగలబెట్టిన వరి కొయ్యకాళ్ల పొగ, అడవి మంటల పొగ కూడా మన రీడింగులో కలిసిపోతాయి, పైగా మీథేన్ నుంచి గాలిలోనే కొంత పుడుతుంది. విడదీసే దారులు లేకపోలేదు. ఆఫీసు టైముల్లో పెరిగితే ట్రాఫిక్‌ని అనుమానించాలి. చెత్తకుప్పలా సరిగా మండక రాజుకుంటూ ఉంటే కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మోనాక్సైడ్ వాటా బాగా ఎక్కువ. పెట్రోలు, డీజిలు, బొగ్గు నుంచి వచ్చినదాంట్లో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) ఉండదు, గడ్డి, కట్టెల నుంచి వచ్చినదాంట్లో ఉంటుంది. 2017లో పంపిన సెంటినెల్-5పి ఉపగ్రహంలోని ట్రోపోమి అనే పరికరం అయితే పైనుంచే కొలుస్తోంది.

మీరు వేసేదేమో ఒక్క ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె! అది అన్నిటికన్నా ఎక్కువున్న కాలుష్యాన్ని బట్టి వచ్చేది, మోనాక్సైడ్ అందులో కనబడకుండా పోతుంది. మోనాక్సైడ్‌కి మన దేశంలో ప్రమాణం 8 గంటల సగటుకు ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు. దాని పక్కన గంటవారీ రీడింగు, ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో వేయండి, చోటు సరిపోకపోతే రాశిఫలాలు కాస్త తగ్గించండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్