స్నేహలతా రెడ్డి జైలు కాయితాలు ఇప్పించండి: కేంద్ర హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

1975లో ఎమర్జెన్సీ పెట్టిన జూన్ 25ను రాజ్యాంగ హత్యా దినంగా పాటించాలని 2024లో మీ శాఖే గెజిట్ ఇచ్చింది. మంచిదే. కానీ ఆ ఎమర్జెన్సీలో జైలు పాలైన స్నేహలతా రెడ్డి గారి జైలు రికార్డులు చూపించమని మేం పెట్టుకున్న అర్జీలకు ఇంతవరకు జవాబు లేదు. అర్జీ అందిందన్న ముక్క కూడా రాలేదు.

ఆమె మా నెల్లూరు కవి పఠాభి గారి భార్య, నటి. అజ్ఞాతంలో ఉన్న సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌కు ఆ దంపతులు స్నేహితులు. ఆయన ఆచూకీ కోసం 1976 మే 1న తమ్ముడు లారెన్స్‌ను పట్టుకెళ్ళి చిత్రహింసలు పెట్టారు. మర్నాడే ఈమెను అరెస్టు చేశారు. జూన్ 10న కలకత్తాలో జార్జి దొరికాడు. ఎవరి కోసం వెతికారో ఆయనే దొరికాక ఈమెను ఇంకా ఎందుకు ఉంచారు? డైనమైట్‌తో పేలుళ్ళకు కుట్ర పన్నారని జార్జి మీద, మరికొందరి మీద పెట్టిన బరోడా డైనమైట్ కేసు చివరి ఛార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జనవరి దాకా బెంగళూరు సెంట్రల్ జైల్లోనే పెట్టారు.

ఆమెది పాత ఉబ్బసం. ఒక్క మనిషికి సరిపోయే గది, ఒక చివర మూత్రానికి ఏర్పాటు, ఇంకో చివర ఇనుప జాలీ, పడక నేల మీదే. రాత్రిళ్ళు ఆమె అరుపులు వినిపించేవని అదే జైల్లో ఉన్న సోషలిస్టు నాయకుడు మధు దండవతే రాశారు. మీ పార్టీ పెద్దలు వాజపేయి, అద్వానీ కూడా కొంతకాలం అక్కడే ఉన్నారు కదండీ! 1977 జనవరి 15న పెరోల్ ఇచ్చారు. 20న చనిపోయింది. ఎన్నికలు ప్రకటించి అప్పటికి రెండు రోజులు. బతికి బయటపడ్డవాళ్ళు మంత్రులయ్యారు, కేసు ఎత్తేశారు. ఈమె చావుకు ఎవరు జవాబుదారీ?

డాక్టరు ఎప్పుడెప్పుడు చూశాడు? ఏ మందులిచ్చారు? వదిలెయ్యమని ఎవరైనా రాశారా, రాస్తే ఎవరు ఆపారు? మాకు కావలసింది ఇదే. జైళ్ళు రాష్ట్రానివి అంటారేమో. మీసా పార్లమెంటు చేసిన చట్టం, కేసు పెట్టింది సీబీఐ. మీరు అడిగితే రాష్ట్రం ఇవ్వదా? దయచేసి అడగండి. ఎన్నాళ్ళని ఎదురు చూడమంటారు?

వచ్చే జూన్ 25 లోపు ఆ కాయితాలు ఇప్పించండి. చెదలు పట్టి పోయాయంటే, ఆ మాటే సంతకం పెట్టి రాసివ్వండి.

ఇట్లు,
నెల్లూరు నుంచి ఒక పఠాభి అభిమాని