పరగడుపు మాత్రల గురించి మా అమ్మాయికి

పర్లాకిమిడి

చి॥ అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మాత్రలు వేసుకోగానే వికారంగా ఉంటోందని, అందువల్ల హాస్టల్ మెస్‌లో పూరీలో, బరాలో (గారెలు) తిన్న వెంటనే వేసుకుంటున్నానని నీవు రాసినది చదివాను. ఒక్క పూట కూడా మానలేదని తెలిసి ఊరట కలిగింది. అయినా క్షయ మందులకూ తిండికీ ఉన్న సంబంధం సామాన్యమైనది కాదు కనుక, ఏళ్ల తరబడి మందుల దుకాణంలో కూర్చున్న నేను నీకు వివరంగా రాయకుండా ఉండలేను.

నీవు వేసుకునే ఒక్కొక్క మాత్రలో నాలుగు మందులు కలిసి ఉన్నాయి: రిఫాంపిసిన్ 150, ఐసోనియాజిడ్ 75, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. నీ బరువు 35–49 కిలోల మధ్య ఉన్నందున రోజుకు మూడు మాత్రలు ఇచ్చారు. తిండి వల్ల ఎక్కువగా దెబ్బతినేవి వీటిలో మొదటి రెండూ. 1999లో ప్రచురితమైన అమెరికా పరిశోధనల్లో, ఆరోగ్యవంతులకు కొవ్వు ఎక్కువగా ఉన్న ఫలహారంతో ఈ మందులు ఇచ్చినప్పుడు, రక్తంలో రిఫాంపిసిన్ చేరుకునే గరిష్ఠ స్థాయి మూడో వంతుకు పైగా, ఐసోనియాజిడ్ గరిష్ఠ స్థాయి దాదాపు సగం తగ్గిపోయాయి. మొత్తం మీద ఒంటికి పట్టిన మందు అంతగా తగ్గలేదన్న మాట నిజమే. కానీ రిఫాంపిసిన్ క్రిమిని గట్టిగా దెబ్బతీయాలంటే రక్తంలో తగినంత స్థాయికి చేరడం కూడా అవసరం. పైరజినమైడ్, ఇథాంబుటాల్‌ల మీద తిండి ప్రభావం స్వల్పం.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, నూనె వంటకాలతో కడుపు నిండినప్పుడు అది ఖాళీ కావడానికి చాలా సమయం పడుతుంది. మందు పీల్చుకోబడేది ముఖ్యంగా చిన్నపేగులో. అక్కడికి చేరకుండా కడుపులోని ఆమ్లంలో ఎంత సేపు నిలిస్తే రిఫాంపిసిన్ అంతగా విచ్ఛిన్నమవుతుంది. పక్కనే ఐసోనియాజిడ్ ఉంటే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

కాబట్టి లేవగానే పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మాత్రలు వేసుకొని, గంట ఆగి తిను. పొద్దున్న వీలుకాని రోజున, తిన్న రెండు గంటల తరువాత వేసుకోవచ్చు. వికారం భరించలేనంతగా ఉంటే, వేళను రాత్రి పడుకునే ముందుకు మార్చవచ్చునేమో డాక్టరు గారిని అడుగు. అప్పటికీ తగ్గకపోతే నూనె లేని ఒకటి రెండు ఇడ్లీలతో వేసుకున్నా నేను తప్పు పట్టను. మందు మానడం కంటే కొంచెం తిండితో వేసుకోవడం ఎన్నో రెట్లు మేలు. గ్యాసుకని తెల్లటి సిరప్ మాత్రం వెంటనే తాగకు. అందులో అల్యూమినియం ఉంటే ఇథాంబుటాల్‌కు, దానికి మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

గంట గడిచాక మాత్రం కడుపునిండా తిను, అందులో లోటు చేయకు. గుడ్లు, పప్పు, ఉలవలు, వేయించిన శనగలు, చోడి (రాగి) అంబలి, ఏవి దొరికితే అవి. క్షయ రోగుల తిండికోసం ప్రభుత్వం నడిపే నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుండి నెలకు ఇస్తున్న 1000 రూపాయలు ఇందుకోసమే. వాటిని పుస్తకాలకు దాచవద్దు, పుస్తకాలకు నేను పంపుతాను. గోపాల్‌పూర్ నుండి వచ్చే కానాగంతలు తాజావి కాకపోతే ముట్టకు. నిలవ ఉన్న అటువంటి చేపలలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఐసోనియాజిడ్ వాడుతున్న శరీరం దానిని సరిగా విడగొట్టలేదు కనుక ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ రావచ్చు.

నీకు పరిచయమైన అమ్మాయి అన్నం తిన్నాకే మందు వేసుకుంటుందని రాశావు. ఆమెది మొండి క్షయ (మామూలు మందులకు లొంగనిది) అన్నావు కనుక, బెడాక్విలిన్ అనే వేరే మందు ఇస్తూ ఉండవచ్చు. అది తిండితో తీసుకుంటే దాదాపు రెండింతలు ఒంటికి పడుతుంది. ఆమె పద్ధతి ఆమెకు సరైనదే, నీకు కాదు.

మూత్రం నారింజరంగులో వస్తే భయపడకు, అది రిఫాంపిసిన్ రంగు. కానీ కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, అరికాళ్లలో తిమ్మిరి మొదలైనా, చూపు మసకబారినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లు. ఐసోనియాజిడ్ వల్ల తిమ్మిరి రాకుండా ఇచ్చే పైరిడాక్సిన్ మాత్ర నీకు ఇస్తున్నారో లేదో చూసి రాయి. ఈ నెల బరువు ఎంత తూగావో కూడా రాయి.

ఆశీస్సులతో,
నాన్న