మధ్యవాడి నోట తిరిగి పలికే ఆజ్ఞ

సంపాదకుల వారికి,

అయ్యా,

అంతరిక్ష నౌకల కథలతో వచ్చే విదేశీ టీవీ సీరియళ్ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. కెప్టెన్ ఒక మాట చెప్పడం, దానినే పక్కనున్న అధికారి మళ్లీ చెప్పడం, చుక్కాని దగ్గర కూర్చున్నవాడు మూడోసారి పలకడం వట్టి కాలహరణమని వ్యాసకర్త తేల్చేశారు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరై తిరుపతిలో ఉంటున్న నేను ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేను.

చిత్తూరు జిల్లాలో ఒక చిన్న స్టేషన్లో రాత్రి డ్యూటీలో ఉన్నప్పటి సంగతి చెబుతాను. బండి వస్తోందని, గేటు వేయమని ఫోనులో చెప్పాను. గేట్‌మన్ "వేశాను సార్" అన్నాడు గానీ ప్రైవేట్ నంబరు చెప్పలేదు. గేటు రెండువైపులా మూసి తాళం పడిన తర్వాతే అతను తన దగ్గరున్న షీటులోంచి ఆ రెండంకెల నంబరు చదవాలి, నేను దానిని తిరిగి పలికి రిజిస్టర్లో రాసుకోవాలి, ఆ తర్వాతే సిగ్నల్ ఇవ్వాలి. నంబరు అడిగాను. ఫోను పక్కన పెట్టి బయటికి వెళ్లిన అతను కాసేపటికి గసపెడుతూ వచ్చి, చెరకు ట్రాక్టరు ట్రైలరు పట్టాల మీద ఇరుక్కుపోయిందని చెప్పాడు. అతను అబద్ధమాడలేదు, ఒకవైపు గేటు వేసి, రెండోది వేసేస్తానన్న ధీమాతో ముందే ఆ మాట అనేశాడు. ఆ రాత్రి నంబరు అడక్కుండా సిగ్నల్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

అందుకే ఆ సీరియళ్లలో ఆజ్ఞ చేతులు మారే దృశ్యాలను నేను మరింత శ్రద్ధగా చూస్తాను. 1966లో స్టార్ ట్రెక్ సీరియల్‌ను మొదలుపెట్టిన జీన్ రాడెన్‌బెర్రీ రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానం నడిపిన మనిషి. కథ ఆకాశంలో జరిగినా, ఆయన నౌకలోని కొలువు పద్ధతి మాత్రం సముద్ర నౌకాదళానిది. ఓడలో నాయకుడి కళ్లు నలుదిక్కులా ఉండాలి, చుక్కాని పట్టినవాడి కళ్లు దిక్సూచి మీద ఉండాలి. అందుకే విన్నవాడు విన్న మాటను తిరిగి పలుకుతాడు, పని పూర్తయ్యాక అయిందని చెబుతాడు. ఈ రెండింటిలో ఏది లేకపోయినా, పైనున్నవాడికి తన మాట ఎంతవరకు చేరిందో తెలిసే దారి ఉండదు.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, అదే పరంపరలోని నెక్స్ట్ జనరేషన్ సీరియల్లో 1992లో వచ్చిన చైన్ ఆఫ్ కమాండ్ కథ. పాత కెప్టెన్ పికార్డ్ స్థానంలో వచ్చిన కెప్టెన్ జెలికో, నౌకలో మూడు షిఫ్టులకు బదులు నాలుగు షిఫ్టులు పెట్టమని తన ఉపాధికారి రైకర్‌కు చెబుతాడు. రైకర్ విభాగాధిపతులను సంప్రదిస్తాడు, వారు ఇబ్బందులు చెబుతారు, మార్పు అక్కడే ఆగిపోతుంది. ఆ సంగతి మాత్రం జెలికో అడిగినప్పుడు గాని బయటపడదు. ఆ కథ చూసినవారిలో చాలామంది జెలికోను నిరంకుశుడంటారు. అతని మాటతీరు కటువైనదే, కాదనను. అయినా నా దృష్టిలో తప్పు రైకర్‌దే. కింది వారి కష్టం విన్నందుకు కాదు, విన్నదానిని ఆ గంటలోనే పైకి చేర్చనందుకు. మధ్యవాడికి ఆజ్ఞను ఆపే సందర్భం వస్తుంది, రావాలి కూడా. ఆపిన మరుక్షణం ఆపానని, ఇందుకు ఆపానని చెప్పడం అతని విధి.

అలా చెప్పినవాడిని పైవాడు బతకనివ్వాలి, అది వేరే సంగతి. 2005లో బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే మరో సీరియల్లో వచ్చిన పెగాసస్ నౌక కథలో, దాడి చేయమన్న ఆజ్ఞను ఎదుటే నిరాకరించిన తన ఉపాధికారిని అడ్మిరల్ కెయిన్ అక్కడికక్కడే కాల్చి చంపిందని తెలుస్తుంది. ఆ తర్వాత ఆ నౌకలో నిజం చెప్పడానికి ఎవరికి నోరు లేస్తుంది?

ఇవన్నీ కల్పితాలే కదా అనేవారికి 1969 జులై 20 గుర్తుచేస్తాను. చంద్రుడి మీద దిగుతుండగా అపోలో 11 కంప్యూటర్ 1202 అనే హెచ్చరిక చూపింది. భూమి మీది నియంత్రణ కేంద్రంలో, వెనక గదిలోని 24 ఏళ్ల జాక్ గార్మన్ దాని అర్థం తేల్చి 26 ఏళ్ల స్టీవ్ బేల్స్‌కు చెప్పాడు, బేల్స్ ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్‌కు చెప్పాడు, వ్యోమగాములతో మాట్లాడే చార్లీ డ్యూక్ ముందుకు సాగవచ్చని పైకి చేరవేశాడు. ఇంతమంది నోళ్లు దాటినా హెచ్చరిక వచ్చిన అర నిమిషంలోపే జవాబు చేరింది. దీనిని కాలహరణమని ఎలా అనగలం?

మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షా వాహనాన్ని ప్రయోగించబోతుండగా, ఎగరడానికి 5 సెకన్ల ముందు కంప్యూటరే దానిని నిలిపివేసింది. లోపమేమిటో గుర్తించి, సరిచేసి, అదే ఉదయం 10 గంటలకు ప్రయోగించారు. అంతా సరిగా ఉందని తేలేదాకా ముందుకు వదలని ఆ పద్ధతిని టీవీలో చూస్తున్న నాకు, నంబరు చెప్పకుండా ఫోను పక్కన పెట్టి వెళ్లిన మా గేట్‌మనే కళ్లముందు మెదిలాడు.

ఈ సీరియళ్లకు తెలుగు సబ్‌టైటిళ్లు రాసేవారికి నాదొక విన్నపం. కింది అధికారి ఆజ్ఞను పూర్తిగా తిరిగి పలికినచోట "సరే సార్" అని కుదించకండి. ఏ దిక్కు, ఎంత వేగం అన్నాడో ఆ మాటలన్నీ ఉంచండి. మీ పత్రిక కూడా, ప్రయోగం రోజున శ్రీహరికోట కంట్రోల్ గదిలో ఎవరి మాట ఎవరికి, ఏ వరుసలో చేరుతుందో అక్కడ పనిచేసిన వారి చేత రాయించి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు,
తిరుపతి.