ఆ బుల్లి దేశానికి ఒక పేరుంది

సంపాదకుల వారికి నమస్కారం.

మన ఎన్నికల తీరు మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. డబ్బు పంపకాల గురించి రాసిందంతా నిజమే, ఇంకాస్త గట్టిగా రాసినా తప్పులేదు. నా పేచీ చివరి వాక్యంతో. ఇలాగే సాగితే ఆఫ్రికాలోని బుల్లి దేశాల గతే మనకూ పడుతుందన్నారు. ఏ దేశం? ఏ గతి? నాకు కాస్త తెలిసిన ఒక బుల్లి దేశం గురించి చెబుతాను.

గాంబియా విస్తీర్ణంలో మన పాత గుంటూరు జిల్లా అంత. జనం ఆ జిల్లా జనాభాలో సగం. ఒక నది, దానికి అటూ ఇటూ సన్నటి నేల. ఒకవైపు సముద్రం, మిగతా మూడువైపులా సెనెగల్. 1965లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతున్నప్పుడు ఇది దేశంగా నిలబడుతుందని నమ్మినవాళ్లు తక్కువే.

వాళ్లు ఓటేసేది గోళీలతో. నవ్వకండి. నేను రిటైరైన పంతుల్ని, పోలింగ్ డ్యూటీలు లెక్కలేనన్ని చేశాను. రెండు గుర్తుల మధ్య గీత మీద పడిన స్వస్తిక్ ముద్ర ఎవరి ఓటు కింద లెక్కని ఏజెంట్లు చొక్కాలు పట్టుకుంటుంటే మధ్యలో నలిగిపోయినవాణ్ణి. గాంబియాలో ఆ గొడవే లేదు. చదువురానివాళ్లు ఎక్కువని 1960ల్లోనే ఈ పద్ధతి పెట్టారు. అభ్యర్థికో డ్రమ్ము, దానికి పార్టీ రంగు, మీద ఫొటో. ఓటరు చేతికి ఒక్కటే గోళీ. గొట్టంలో వేస్తే లోపలి గంటకు తగిలి టింగుమంటుంది. రెండుసార్లు మోగిందా, బయట కూర్చున్న అధికారికి విషయం తెలిసిపోతుంది. మన ఈవీఎం బీప్ చేసే పని కూడా అదేగా! గోళీ మీద గోళీ పడి చప్పుడు కాకుండా డ్రమ్ము అడుగున ఇసుకో రంపపు పొట్టో పోస్తారు. బెల్లు మోగి గందరగోళం అవుతుందని ఆరోజు బూత్ దగ్గరికి సైకిళ్లు రానివ్వరు. లెక్కించేటప్పుడు గుంటలున్న పళ్లేల్లో గోళీలు పోస్తారు. పళ్లెం నిండితే లెక్క తేలినట్టే.

అలాగని అంతా సవ్యంగా నడిచిందని అనను. మొదటి నాయకుడు దావ్దా జవారా పశువుల డాక్టరు. ఎన్నికలు వేళకు పెట్టాడు, గెలిచింది మాత్రం ఎప్పుడూ ఆయన పార్టీయే. 1981లో లండన్‌లో చార్లెస్, డయానాల పెళ్లికి వెళ్తే ఇక్కడ తిరుగుబాటు లేచింది. సెనెగల్ సైన్యం వచ్చి అణచింది. వందల మంది చచ్చిపోయారు. ఆ తర్వాత రెండు దేశాలూ సెనెగాంబియా అని సమాఖ్య కట్టుకున్నాయి కానీ 1989లో విడిపోయాయి.

1994 జులైలో యాహ్యా జమ్మే అనే 29 ఏళ్ల లెఫ్టినెంట్ జవారాను దింపి గద్దెక్కాడు. దేవుడు తలిస్తే వంద కోట్ల ఏళ్లు పాలిస్తానని బీబీసీకి చెప్పిన మనిషి. ఎయిడ్స్‌కు మూలికలతో వైద్యం చేస్తానన్నాడు. సంపాదకులు కనుక మీకు ఇది తప్పకుండా చెప్పాలి. ‘ది పాయింట్’ పత్రిక పెట్టినవాళ్లలో ఒకరైన డేడా హైదరాను 2004 డిసెంబర్ 16న కాల్చి చంపారు. ఆరోజు పత్రిక పుట్టినరోజు. రాత్రి ఆఫీసు నుంచి ఇద్దరు ఉద్యోగినులను కారులో ఇళ్లకు దింపడానికి వెళ్తున్నాడు.

ఇదే జమ్మే, ఇవే గోళీలతో నాలుగుసార్లు గెలిచాడు. మరి 2016 డిసెంబర్‌లో ఏం మారింది? నాకు కనిపించేవి రెండు. ఏడు ప్రతిపక్ష పార్టీలు అహం పక్కనపెట్టి ఆడమా బారో అనే ఒక్క అభ్యర్థిని నిలబెట్టాయి. లండన్‌లో ఉన్న రోజుల్లో ఒక దుకాణానికి సెక్యూరిటీ గార్డుగా చేసిన మనిషి ఆయన. రెండోది, డ్రమ్ములను ఎక్కడికీ తరలించకుండా గోళీలను బూత్‌లోనే, అందరి ఎదుటే లెక్కపెట్టారు. పోలింగ్ డ్యూటీ చేసినవాడికి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. బారోకు 43 శాతం, జమ్మేకు 40 లోపు.

జమ్మే టీవీలో ఓటమి ఒప్పుకున్నాడు, వారానికే మాట మార్చాడు. కూడికలో దొర్లిన పొరపాటును ఎన్నికల సంఘం తనంతట తానే సవరించుకుంటే దాన్నే సాకు చేసుకున్నాడు. భయపడి వేలమంది సెనెగల్‌కు పోయారు. బారో కూడా అక్కడే తలదాచుకున్నాడు. ఆ రోజుల్లోనే ఇక్కడ ఆయన చిన్న కొడుకు కుక్క కరిచి చనిపోతే అంత్యక్రియలకు కూడా రాలేకపోయాడు. 2017 జనవరి 19న సెనెగల్ రాజధాని డాకర్‌లోని గాంబియా రాయబార కార్యాలయంలో ప్రమాణం చేశాడు. పొరుగు దేశాల సైన్యాలు సరిహద్దు దాటాయి. రెండు రోజుల తర్వాత జమ్మే విమానమెక్కి ఈక్వటోరియల్ గినీ వెళ్లిపోయాడు.

బారోను కూడా నెత్తిన పెట్టుకోలేం. మూడేళ్లే ఉంటానన్నవాడు దిగలేదు. టైమైపోయిందని వాళ్ల వొలోఫ్ భాషలో ‘జోట్నా’ అంటూ జనం రోడ్డెక్కితే ఆ ఉద్యమాన్ని నిషేధించాడు. 2021లో మళ్లీ గెలిచాడు. ఇదంతా మనకు బాగా తెలిసిన రాజకీయమే. కానీ 2019లో రోహింగ్యాల తరఫున మయన్మార్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చిందీ ఈ బుల్లి దేశమే. అప్పటికి పెద్ద దేశాలేవీ ముందుకు రాలేదు.

మన పత్రికల్లో గాంబియా పేరు గట్టిగా వినబడింది 2022లో, దగ్గు మందు తాగి దాదాపు 70 మంది పిల్లలు చనిపోయారన్నప్పుడు. ఆ మందు మన దేశంలో తయారైంది. అక్కడి విచారణ మందునే తప్పుపట్టింది, మన ప్రభుత్వం మాత్రం తన పరీక్షల్లో కల్తీ కనబడలేదంది. ఎవరి వల్ల ఎవరికి ఏ గతి పట్టిందో రాసేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి కదా.

నేను అడిగేది ఒకటే. ఈసారి ఇలాంటి వాక్యం రాస్తే ఏ దేశమో పేరు పెట్టి రాయమని వ్యాసకర్తకు చెప్పండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
తెనాలి.