రెజ్యూమెకు ముందు పేరు సరిచూసుకోండి

సంపాదకుడు గారికి,

కొలువుల వేటలో ఉన్న పిల్లలు రెజ్యూమె మీద పెట్టే శ్రద్ధలో సగమైనా పేరు మీద పెట్టడం లేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే, పాన్‌లో అది పేరు చివర చేరి ఉంటుంది. ఉద్యోగంలో చేరాక పీఎఫ్ (భవిష్య నిధి) కేవైసీ, అంటే గుర్తింపు వివరాలు సరిపోల్చే దగ్గర ఇదే అడ్డం పడుతుంది. మెమోను ఆధారంగా పట్టుకుని ముందు ఆధార్, ఆ తర్వాత పాన్, ఆఖరున బ్యాంకు ఖాతా సరిచేయించుకోవాలి. వరుస తప్పితే మళ్లీ మొదటి నుంచీ తిరగాలి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. అందుకే ఆపరేటరు సబ్మిట్ నొక్కకముందే తెర మీద ఇంగ్లిష్, తెలుగు అక్షరాలు రెండూ ఒక్కొక్కటిగా చదవండి. కాలేజీలు చివరి సంవత్సరంలో ఒక పూట కేటాయించి ఈ పని దగ్గరుండి చేయించాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ