సున్నాకి వచ్చేదాకా ఆగమని చెప్పకండి సార్

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను నరసరావుపేటలో పదిహేడేళ్లుగా చిన్న నెట్ సెంటర్ నడుపుతున్నాను. నెట్ సెంటర్ అని పేరే గానీ ఇప్పుడు నెట్ కోసం వచ్చేవాళ్లు ఎవరూ లేరు. జిరాక్సులు, లామినేషన్లు, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు, పాన్ కార్డు దరఖాస్తులు, మధ్యలో ఎవరిదైనా ల్యాప్‌టాప్ మొరాయిస్తే దాన్ని కాస్త చూడటం, అంతే. మొన్న ఆదివారం మీ పేపర్లో ఓ మూలన చిన్న బాక్సు కట్టి వేసిన చిట్కా చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే ప్రతిసారీ పూర్తిగా అయిపోయాకే చార్జింగ్ పెట్టాలని వేశారు. ఆ ముక్క కత్తిరించి పట్టుకుని ఇద్దరు పిల్లలు మా షాపుకి వచ్చారు, అన్నా ఇలాగే చేస్తున్నాం, అయినా బ్యాకప్ రావట్లేదేంటి అని. మీ పేపర్లో వచ్చిందంటే మా ఊళ్లో అది శాసనం, అందుకే ఈ ఉత్తరం.

ఆ చిట్కా పూర్తిగా అబద్ధమేమీ కాదు, కాకపోతే అది వేరే బ్యాటరీ గురించి. పూర్వం నికెల్ కాడ్మియం బ్యాటరీలు ఉండేవి, వాటిని సగంలో సగంలో చార్జింగ్ పెడుతూ పోతే ఆ సగమే అలవాటైపోయి మిగతాది ఇవ్వడం మానేసేవి. ఇప్పుడు మన ల్యాప్‌టాపుల్లో, ఫోన్లలో ఉన్నది లిథియం అయాన్, సోనీ వాళ్లు 1991లో మార్కెట్లోకి తెచ్చిన రకం, 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది కూడా దీనికే. దీనికి ఆ పాత జబ్బు లేదు. పైగా మాటిమాటికీ సున్నాదాకా దించడం దీనికి చేటు. అంటే మీరు చెప్పిన మందు సరిగ్గా ఎవరికి పడదో వాళ్లకే వేయించారన్నమాట.

అసలు ఈ బ్యాటరీ ఎందుకు తగ్గిపోతుందో నాకు అర్థమైనంతలో చెప్తాను, నేను చదివింది బీకాం, తప్పుంటే ఏ కెమిస్ట్రీ మాస్టారైనా దిద్దవచ్చు. మా పల్నాడులో బోరు నీళ్లు రోజూ కాస్తే గిన్నె అడుగున తెల్లటి ఉప్పు పొర కడుతుంది చూడండి. బ్యాటరీలో గ్రాఫైట్ ఉండే వైపు అలాంటి పొరే ఒకటి కొద్దికొద్దిగా మందమవుతూ ఉంటుంది. మొదట్లో ఆ పొర మంచిదే, అది లేకపోతే బ్యాటరీ నాలుగు రోజులు నిలవదు. కానీ అది మందమయ్యే కొద్దీ అటూ ఇటూ తిరగాల్సిన లిథియం కొంత అందులోనే ఇరుక్కుపోతుంది. ఇరుక్కున్నది ఇక తిరిగి రాదు. వాడినా జరుగుతుంది, బీరువాలో పెట్టినా జరుగుతుంది. వేడి తగిలితే తొందరగా, నిండుగా నూరు శాతం మీద ఉంచితే ఇంకా తొందరగా జరుగుతుంది. రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డు కింద, పరుపు మీద పెట్టుకుని, గాలి వెళ్లే సందులు మూసుకుపోయి, చార్జర్ పీకకుండా సినిమా చూసే కుర్రాడి బ్యాటరీ, ఏసీ గదిలో బల్ల మీద కూర్చున్న బ్యాటరీతో సమానంగా ఎలా బతుకుతుంది? 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిల్ వాళ్లే రాస్తారు. మనకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ లెక్కన ల్యాప్‌టాప్ తెరవనే కూడదు.

కాబట్టి తగ్గడం తప్పదు. నా గొడవ తగ్గడం గురించి కాదు, ఎంత తగ్గిందో కొనేవాడికి చెప్పకపోవడం గురించి.

రెండేళ్ల కింద మా అక్క కొడుక్కి గుంటూరులో బీటెక్ సీటొచ్చింది. కొత్తది కొనే స్తోమత లేక హైదరాబాద్‌లో ఓ సెకండ్ హ్యాండ్ షాపులో ఇరవై రెండు వేలు పెట్టి తీసుకున్నాం. బాడీ తళతళలాడుతోంది, కీబోర్డు మీద కొత్త స్టిక్కర్లు. బ్యాటరీ సంగతి అడిగితే, ఫ్రెష్ బ్యాటరీ అన్నా, నాలుగు గంటలు పక్కా, కళ్లు మూసుకుని తీస్కపో అన్నాడు. నేను నిజంగానే కళ్లు మూసుకున్నాను, ఈ పనిలో ఉండి కూడా. నెల తిరక్కుండా వాడి దగ్గర్నుంచి ఫోను, మామయ్యా, ల్యాబ్‌లో ఇంకా 34 శాతం ఉంది కదా అనుకుంటున్నాను, టప్పున ఆగిపోయింది, రికార్డంతా పోయింది అని ఏడుపు గొంతుతో. ఆ శనివారం ఇంటికి తెస్తే అప్పుడు చూశాను, కొనే రోజు చూడాల్సింది.

చూడటం ఎలాగో ఇక్కడ రాస్తాను, మీరు చిట్కా బాక్సులో వేయాల్సింది ఇదీ. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కింద సెర్చ్‌లో సీఎండీ అని మూడక్షరాలు కొడితే నల్ల విండో వస్తుంది. అందులో పవర్ అనే మాటకు సీఎఫ్‌జీ అతికించి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ ఖాళీ లేకుండా కలిపి కొట్టి ఎంటర్ నొక్కాలి. ఒక ఫైలు తయారై అది ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవాలి. పైసా ఖర్చు లేదు, ఏ యాప్ అక్కర్లేదు, విండోస్ 8 నుంచీ ఉన్నదే. అందులో డిజైన్ కెపాసిటీ అని ఒక అంకె ఉంటుంది, అది పుట్టినప్పటి బలం. దాని కిందే ఫుల్ చార్జ్ కెపాసిటీ, అంటే ఇవాళ నూరు శాతం నింపితే పట్టేది. మా వాడి దాంట్లో మొదటిది 42,000, రెండోది 24,360. భాగిస్తే 58 శాతం. సైకిల్ కౌంట్ 640. ఫ్రెష్ బ్యాటరీ!

ఆ అంకెలు మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి, వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు. మామూలు పనికి ల్యాప్‌టాప్ 12 వాట్లు లాగుతుందనుకోండి, 42 ఉన్నప్పుడు మూడున్నర గంటలు, 24 ఉన్నప్పుడు రెండు గంటలు, అదీ చివరిదాకా లాగితే. ముసలి బ్యాటరీ చివరిదాకా లాగదు, లోపల నిరోధం పెరిగి, ఒక్కసారిగా బరువు పడితే వోల్టేజీ జారిపోయి 30 శాతం దగ్గరే చేతులెత్తేస్తుంది. మా వాడి రికార్డు పోయింది అందుకే. సైకిల్ అంటే ఎన్నిసార్లు ప్లగ్ పెట్టామన్నది కాదు, చాలామంది అలా అనుకుని చార్జర్ పెట్టడానికే భయపడతారు. ఇవాళ సగం వాడి నింపి, రేపు ఇంకో సగం వాడి నింపితే, ఆ రెండూ కలిపి ఒకటి. ఆపిల్ తన మ్యాక్‌బుక్కుల్లో చాలా వాటికి వెయ్యి సైకిళ్లని లెక్క చెప్తుంది, మామూలు ల్యాప్‌టాపుల్లో చాలా వాటికి 300 నుంచి 500 దాకా చెప్పుకుంటారు. 640 అంటే దాని ఉద్యోగం అయిపోయి పెన్షన్ మీద ఉందని అర్థం.

ఇక్కడ ఇంకో తమాషా. ఆ రిపోర్టులో కిందికి పోతే నెలనెలా కెపాసిటీ ఎలా తగ్గుతూ వచ్చిందో చరిత్ర ఉంటుంది, కానీ సెకండ్ హ్యాండ్ షాపుల్లో విండోస్ కొత్తగా ఎక్కించి ఇస్తారు కాబట్టి ఆ చరిత్ర అమ్మిన రోజు నుంచే మొదలవుతుంది. పైన ఉన్న రెండు అంకెలు మాత్రం బ్యాటరీలోని చిప్పు చెప్పేవి, విండోస్ మార్చినా పోవు. అలాగని చిప్పు మాట వేదవాక్కూ కాదు. చవక కంపాటబుల్ బ్యాటరీల్లో, అంటే అసలు కంపెనీది కాకుండా దానికి సరిపోయేలా వేరేవాళ్లు చేసిన వాటిలో కొన్ని, ఎన్నేళ్లు వాడినా పుట్టినప్పటి అంకే చెప్తూ కూర్చుంటాయి, పెళ్లిచూపుల్లో వయసు చెప్పినట్టు. అందుకని అంకె చూశాక చార్జర్ పీకి షాపులోనే ఇరవై నిమిషాలు వీడియో ఆడించండి. ఎంత శాతం దిగిందో చూస్తే మిగతాది మీకే తెలుస్తుంది. షాపువాడు చిరాకు పడతాడు, పడనివ్వండి.

మాకు అమ్మిన హైదరాబాద్ షాపువాడికి ఫోన్ చేసి అడిగితే, సెకండ్ హ్యాండ్ కదన్నా, అట్లనే ఉంటది అన్నాడు. అట్లనే ఉంటే ఫ్రెష్ అని ఎందుకన్నావయ్యా అంటే జవాబు లేదు. బిల్లు మీద బ్యాటరీ అన్న మాటే లేదు కాబట్టి నా దగ్గరా ఆధారం లేదు. తర్వాత తెలిసింది, వాడేసిన సరుకును, బాగుచేసిన సరుకును కొత్తదని చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయపు వ్యాపారం కిందికే వస్తుందని. 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు, కానీ చెప్పుకోవాలంటే చేతిలో కాగితం ఉండాలి కదా. అందుకే ఇప్పుడు మా షాపుకొచ్చి ల్యాప్‌టాప్ కొంటున్నామన్న ప్రతివాళ్లకీ ఒకటే చెప్తున్నాను, ఆ రిపోర్టు మొదటి పేజీ ప్రింటు తీయించి, దాని మీద షాపు ముద్ర వేయించి బిల్లుకు పిన్ కొట్టించుకోమని. జిరాక్స్ షాపువాణ్ని కాబట్టి కాగితం మీద ప్రేమ అనుకున్నా సరే. కొత్తది కొన్నవాళ్లు కూడా మొదటి రోజే ఒక ప్రింటు తీసి పెట్టుకోండి, ఎందుకంటే ల్యాప్‌టాప్‌కి మూడేళ్ల వారంటీ అని రాసి ఉన్నా చాలా కంపెనీలు బ్యాటరీకి ఒక్క ఏడాదే ఇస్తాయి, మామూలు అరుగుదల అందులోకి రాదంటాయి. ఆ ఏడాదిలోనే సగానికి పడిపోతే అది మామూలు అరుగుదల కాదని వాదించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

నన్ను నేను కూడా తిట్టుకోవాల్సిన కథ ఒకటుంది. మా షాపులో బిల్లింగ్ ల్యాప్‌టాప్ మూడేళ్లు చార్జర్ పీకకుండా నడిచింది. ఒకరోజు టచ్‌ప్యాడ్ క్లిక్ అవడం మానేసింది, మూత కూడా ఒక పక్క మూసుకోవట్లేదు. హింజ్ పోయిందనుకుని, దాని మీద ఏ4 పేపర్ బండిళ్లు రెండు పెట్టి రాత్రంతా అదిమి ఉంచాను. పొద్దున మెకానిక్ వచ్చి అడుగు మూత ఊడదీసి నన్ను పిలిచి చూపించాడు, బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. ఆ బండిళ్ల బరువుకి అది చిట్లి ఉంటే షాపు ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత ఎత్తుగా కనిపించినా వెంటనే ఆపేసి తీయించేయండి, నొక్కొద్దు, గుచ్చొద్దు.

కరెంటు మీదే రోజంతా నడిపేవాళ్లకి మందు ల్యాప్‌టాప్ కంపెనీలే ఇచ్చాయి, మనం వెతకం అంతే. లెనోవోలో కన్జర్వేషన్ మోడ్ అని, అసుస్‌లో బ్యాటరీ కేర్ అని, డెల్, హెచ్‌పీల్లో బయోస్‌లో, అంటే ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే తెరిచే సెట్టింగుల్లో, వేర్వేరు పేర్లతో ఉంటుంది, అది పెడితే 80 శాతం దగ్గరో అంతకంటే కిందో చార్జింగ్ ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఏడాది పొడుగునా అలాగే ఉంచుకోండి. ఇన్వర్టర్ లేదు, పిల్లాడికి ఆన్‌లైన్ పరీక్షలున్నాయి, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు అంటే ఆ వారం నూరే పెట్టుకోండి, బ్యాటరీ మన కోసం గానీ మనం బ్యాటరీ కోసం కాదు కదా. సెలవులకి ఊరెళ్తూ నెలల తరబడి పక్కన పెట్టేట్టయితే సగం మీద ఆఫ్ చేసి వెళ్లండి. ఇక మీరు చెప్పిన సున్నాదాకా దించడం ఒక్కచోటే పనికొస్తుంది, శాతం అంకె తప్పు చూపిస్తోందని అనుమానమొచ్చినప్పుడు ఒకసారి నిండా నింపి, పూర్తిగా దించి, మళ్లీ నింపితే ఆ లెక్క సర్దుకుంటుంది. బలం పెరగదు, లెక్క మాత్రమే కుదురుతుంది.

మార్పించాల్సి వస్తే మా ఊళ్లో మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న, ఒరిజినల్ కావాలా కంపాటబులా అని. ఒరిజినల్ రెట్టింపు పైన ఉంటుంది, పాత మోడల్ అయితే దొరకదు కూడా. దొరికినా ఏళ్లకేళ్లు గోడౌన్లో పడున్నదైతే దానికీ ఆ పొర కట్టడం ఎప్పుడో మొదలై ఉంటుంది, తయారీ తేదీ చూడకుండా డబ్బులివ్వొద్దు. ఒకప్పుడు కింద రెండు మీటలు జరిపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది, ఇప్పుడు పది స్క్రూలు, కొన్నిట్లో జిగురు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి వాడేవాడే విప్పుకుని మార్చుకునేలా ఉండాలని చట్టం చేశారు. మనకెప్పుడో.

అదంతా అలా ఉంచి, మిమ్మల్ని అడగాల్సినవి రెండున్నాయి. ఆ సున్నా చిట్కాకి అదే పేజీలో, అంతే సైజు బాక్సులో సవరణ వేయండి, ఈ ఉత్తరం మొత్తం వేసే చోటు లేకపోతే ఆ రిపోర్టు తీసే పద్ధతి ఒక్కటి వేసినా చాలు. రెండోది, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీలదేనట, మనం చెత్తలో కలపకూడదట. మంచిదే. మరి పల్నాడు జిల్లాలో ఎవరికివ్వాలో మీ విలేకరితో ఒకసారి కనుక్కుని రాయించండి. పాత ఇనుప సామాన్ల అతను తీసుకుంటానంటున్నాడు గానీ సుత్తితో కొడతాడేమోనని భయమేసి ఇవ్వలేదు. మా వాడిది, మా షాపుది, ఇంకెవరో డిగ్రీ అమ్మాయి వదిలేసి వెళ్లింది, మొత్తం మూడు బ్యాటరీలు షాపు వెనకాల ఇసుక బకెట్లో కూర్చుని ఉన్నాయి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ యజమాని,
నరసరావుపేట