డ్రాగ్ పోటీల్లో పోగైన డబ్బు ఎటు పోతుంది?

సంపాదకులకు,

అమెరికాలో జరిగే డ్రాగ్ పోటీల (ఎక్కువగా మగవాళ్ళు ఆడవేషం కట్టి వేదిక మీద ప్రదర్శించేవి) గురించి తెలుగు పత్రికల్లో వార్త వచ్చిందంటే ఒక పెద్ద ఫొటో, 'మగవాళ్ళ ఆడవేషాలు' అంటూ ఒక శీర్షిక, అంతే. వేదిక మీద పోగయ్యే సొమ్ము ఊసే ఉండదు. గే సమాజం నడిపే ఈ పోటీల్లో చాలావాటి అసలు పని చందాలు పోగుచేయడం. కాలిఫోర్నియాలో ఇలాంటి కార్యక్రమాల లెక్కలు చూసే వలంటీర్లం మేము. ఆ వైపు సంగతులు మీ పాఠకులకు తెలియాలని రాస్తున్నాం.

వీటిలో బాగా పాతవాటిలో, పెద్దవాటిలో ఒకటి 'ఇంపీరియల్ కోర్ట్', అంటే సామ్రాజ్య ఆస్థానం. 1965లో శాన్ ఫ్రాన్సిస్కోలో హోసే సారియా మొదలుపెట్టారు. ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడు, తర్వాత బ్లాక్ క్యాట్ అనే బార్లో గాయకుడు. 1961లో నగర పాలక మండలికి పోటీ చేసి దాదాపు 5,600 ఓట్లు తెచ్చుకున్నారు. గేనని దాచుకోకుండా అమెరికాలో ఎన్నికల బరిలో దిగిన మొదటి మనిషి ఆయనే. 'మోసగించే ఉద్దేశంతో' ఆడవేషం వేశారని పోలీసులు పట్టుకుపోయే రోజులవి. అందుకని సారియా 'నేను అబ్బాయిని' అని రాసిన చీటీలు పంచి, బట్టలకు తగిలించుకోమన్నారు. ఇక మోసం ఎక్కడిది! గే బార్ల యజమానుల సంఘం ఆయన్ను రాణిగా ఎన్నుకుంటే, అది చాలదని సామ్రాజ్ఞినని ప్రకటించుకున్నారు. 1859లో తనకు తానే అమెరికా చక్రవర్తినని చాటుకున్న జాషువా నార్టన్‌కు తాను వితంతువునని కూడా అన్నారు. ఆ వేళాకోళం నుంచి పుట్టిన 'ఆస్థానాలు' నేడు అమెరికా, కెనడా, మెక్సికోల్లో ఎన్నో నగరాల్లో ఉన్నాయి.

ఆస్థానం నడిచే తీరు స్థూలంగా ఇది. ఎంపరర్, ఎంప్రెస్ పదవులకు అభ్యర్థులు దరఖాస్తు పెడతారు, బోర్డు ఇంటర్వ్యూ చేస్తుంది, ప్రచారం జరుగుతుంది, ఊళ్ళోవాళ్ళు ఓటేస్తారు. పట్టాభిషేకం రాత్రి పాతవాళ్ళు చివరిసారి నడిచి దిగిపోతారు. గెలిచినవాళ్ళకు ఏడాది పొడవునా షోలు పెట్టి డబ్బు పోగుచేసే బాధ్యత. జీతం లేదు. గౌన్లు, విగ్గులు, ఇతర నగరాల పట్టాభిషేకాలకు ప్రయాణాలు మామూలుగా సొంత జేబులోంచే. కిరీటం దిగేసరికి క్రెడిట్ కార్డు అప్పు మిగిలేది ఇందుకే. పోటీకి నిలబడేవాళ్ళ దగ్గర ఏడాది ఖర్చు అంచనా ముందే కాగితం మీద రాయించుకోని బోర్డు తన పని సగమే చేసినట్టు.

ఇక డబ్బు. పాటకు పెదవులు కలుపుతూ నటించే కళాకారులకు ప్రేక్షకులు ఒక డాలరు నోట్లు అందిస్తారు. మన పెళ్ళి చదివింపుల్లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ పేర్లు చదివేవాళ్ళుండరు, కాబట్టి లెక్క తప్పడం తేలిక. అందుకని కొన్ని పద్ధతులు. తలుపు దగ్గర చిల్లర మార్చడానికి కనీసం 300 డాలర్ల ఒక డాలరు నోట్లు ఉంచాలి. 20 డాలర్ల నోటు చేతిలో ఉన్న ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఊరుకుంటాడు. నేల మీద పడ్డ నోట్లు ఏరడానికి ఒక మనిషి ఉండాలి. ప్రతి పాట తర్వాత ఆ డబ్బు కళాకారుడి పేరున్న కవరులోకి వెళ్ళాలి. హాలు వదలకముందే ఇద్దరు కలిసి లెక్కపెట్టి, అంకె రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఫోన్‌తో చెల్లించే క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే అయి ఉండాలి. కళాకారుడి సొంత ఖాతాలో పడితే ఆ డబ్బు అతని ఆదాయంలా కనబడుతుంది, పన్ను వేళ తలనొప్పి.

టిప్స్ మొత్తం విరాళమా, సగమా, కళాకారులవేనా అన్నది షోకి ముందే కళాకారులతో తేల్చుకుని, మైకులో ప్రకటించాలి. మేము చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం ఇది చెప్పకపోవడం వల్ల వచ్చినవే.

రెండో తప్పు మొత్తం వసూలును విరాళంగా చెప్పుకోవడం. ఉదాహరణకు 40 డాలర్ల టికెట్లు 200 అమ్మితే 8,000. హాలుకు 3,000, సౌండు, లైట్లకు 1,200, బీమా, సెక్యూరిటీకి 900, కిరీటాలు, అచ్చు పనికి 700 తీసేస్తే మిగిలేది 2,200. 'ఈ రాత్రి 8,000 పోగుచేశాం' అని వేదిక మీద అంటే అది అబద్ధం కాదు గానీ, డబ్బు అందాల్సిన ఆశ్రయ కేంద్రానికి చెక్కు రాసే రోజున ముఖం చెల్లదు. బార్లు హాలు ఉచితంగా ఇచ్చే మామూలు శనివారం షో, ఆడంబరమైన పట్టాభిషేకం కన్నా ఎక్కువ మిగల్చడం మాకు ఆశ్చర్యం కాదు.

లక్కీ డ్రా సంగతి మరీ జాగ్రత్త. వసూలైనదాంట్లో సగం గెలిచినవారికి, సగం సంస్థకు అనే పద్ధతి ఇతర చోట్ల చూసి కాలిఫోర్నియాలో పెట్టేస్తుంటారు. ఇక్కడి చట్టం ప్రకారం టికెట్ల వసూలులో కనీసం 90 శాతం ధర్మకార్యానికే వెళ్ళాలి, రాష్ట్ర అటార్నీ జనరల్ దగ్గర ముందే నమోదు కావాలి. బహుమతులు విరాళంగా తెచ్చుకుంటే 90 శాతం చిక్కు ఉండదు, నమోదు మాత్రం తప్పదు. వేలంలో 200 డాలర్ల పట్టుచీరను ఎవరైనా 500కు పాడితే, వాళ్ళు పన్నులో విరాళంగా చూపుకోగలిగేది 300 మాత్రమే. వస్తువుల మార్కెట్ విలువ ముందే చీటీ మీద రాసిపెట్టడం అందుకే.

సంస్థను పరీక్షించాలనుకునేవాళ్ళకు ఒక మాట. 501(సి)(3) సంస్థల, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థల, వార్షిక పత్రం, ఫారం 990, ఎవరైనా చూడొచ్చు. అయితే వసూళ్ళు సాధారణంగా 50,000 డాలర్లు దాటని సంస్థలు 990-ఎన్ అనే చిన్న పత్రం ఇస్తే సరిపోతుంది, అందులో ఆదాయ వ్యయాల లెక్కలుండవు. చాలా చిన్న ఆస్థానాలు ఇలాంటివే. కాబట్టి ఎవరికి ఎంత చెక్కు ఇచ్చారో నేరుగా అడగాలి. అడిగితే నొచ్చుకునే సంస్థకు టికెట్టు కొనకండి.

రంగస్థలం మీద సత్యభామ వేషం కట్టిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ ఇచ్చిన దేశం మనది. వేషానికి ఉలిక్కిపడాల్సింది లేదు. డ్రాగ్ కట్టేవాళ్ళంతా ట్రాన్స్‌జెండర్లు కారు, ఆ రెండింటినీ కలిపి రాయకపోతే మేలు.

అమెరికాలోని తెలుగువాళ్ళు కొందరు ఇలా పోగుచేసి హైదరాబాద్, విజయవాడల్లోని క్వియర్ (గే, ట్రాన్స్‌జెండర్ తదితరుల) బృందాలకు పంపాలనుకుంటున్నారు. ఇక్కడి సంస్థ పంపే డబ్బు అక్కడ విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని బృందం తీసుకోకూడదు. నమోదున్నవాళ్ళయినా ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత, నమోదున్న పెద్ద సంస్థ తీసుకుని చిన్న బృందానికి మళ్ళించే దారి కూడా మూసుకుపోయింది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, ఓసీఐ కార్డుదారు, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి మనిషి, పంపితే వస్తుంది. షోలో పోగైన సొమ్మును ఒకరి సొంత డబ్బుగా చూపి పంపాలనే ఆలోచన కొందరికి వస్తోంది, అది చేయకండి. ముందు ఆ బృందం నమోదు పత్రం అడిగి, అయిదేళ్ళ గడువు తీరలేదని చూసుకుని, ఆ తర్వాతే హాలు బుక్ చేయండి.

ఇట్లు,
నిధి సేకరణ కార్యక్రమాల తెలుగు వలంటీర్లు కొందరు,
కాలిఫోర్నియా